మళ్లీ బదిలీ... పదో తరగతికి వచ్చే అమ్మాయిని ఎలా సిద్ధం చేయాలి?

నమస్కారమండీ. మా ఆయన సైన్యంలో పనిచేస్తారు. 2-3 ఏళ్లకోసారి ఊరు మారడం మాకు మామూలే. చిన్నప్పుడు మా అమ్మాయి కొత్త చోట ఇట్టే కలిసిపోయేది. ఇప్పుడు తనకు 14 ఏళ్లు. ఈసారి బదిలీ అనగానే ముభావంగా అయిపోయింది. "ఎలాగూ వెళ్లిపోతాం కదా, కొత్తగా స్నేహం చేసి ఏం లాభం?" అంటోంది. ఆ మాటకే నాకు భయం వేసింది. మార్కులు తగ్గితే మళ్లీ తెచ్చుకోవచ్చు, మనుషులకు దగ్గరవడమే మానేస్తే ఎలా?

చదువులోనూ ఇబ్బందే. ఒక స్కూల్లో అయిపోయిన పాఠాలు ఇంకో చోట మళ్లీ మొదలవుతాయి, కొన్ని అసలు వినకుండానే దాటిపోతాయి. లెక్కల్లో ఆ లోటు బాగా తెలుస్తోంది. పైగా వాళ్ల నాన్న ఎక్కువ కాలం డ్యూటీ మీద దూరంగానే ఉంటున్నారు.

ఈ వయసు పిల్లలతో ఇలా మారినవాళ్లు, ముఖ్యంగా సైనిక కుటుంబాల్లో పెరిగినవాళ్లు చెప్పండి. పాత స్నేహాలు నిలబెట్టుకోవడానికి మీకు ఏది ఉపయోగపడింది? పదో తరగతి అయ్యేదాకా మేమిద్దరం ఇక్కడే ఉండిపోవడం మంచిదా, లేక నాన్నకు ఇంకా దూరమవడమే తనకు ఎక్కువ కష్టమా? ఎలాంటి మార్పులు కనిపిస్తే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాలి?