‘మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు’: సామెతపై చర్చ

‘మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు’ ఏడ్చిందనే సామెతను సంకలనాల్లోంచి తొలగించాలన్న సూచన ఈ చర్చలో వచ్చింది. దీనికి ‘దెబ్బకన్నా అవమానమే ఎక్కువ బాధిస్తుంది’ అని ఇక్కడ కొందరు చెప్పిన అర్థంతో నాకు పేచీ లేదు. తనకు మార్కులు తగ్గినందుకు కాక పక్కవాడికి ఎక్కువ వచ్చినందుకు ఏడ్చేవాణ్ణి కూడా మనం ఇదే మాటతో దెప్పుతాం. నేను ప్రస్తావించదలచినది ఇందులోని ‘కాదు’ను. ఏడుపుకు దెబ్బ కారణం కాదని ఆ ఒక్క మాట తేల్చేయడంతో కొట్టినవాడు మెల్లగా తప్పుకుంటాడు. వినేవారి దృష్టి నవ్విన తోడికోడలి మీదికి, అక్కడి నుంచి ఏడ్చిన మనిషి మీదికి మళ్లుతుంది. ఎందుకు కొట్టాడని ఎవరూ అడగరు.

అమెరికాలోని డులూత్‌లో 1984లో, భర్తల, సహచరుల చేతుల్లో హింసకు గురైన స్త్రీలు చెప్పినదాని ఆధారంగా ఆ హింస తీరును చూపే ఒక చక్రం బొమ్మను గీశారు. అధికారం, నియంత్రణ దాని ఇరుసు. శారీరక, లైంగిక హింస చుట్టూ ఉన్న పట్టా మాత్రమే. బెదిరింపు, అవమానం, అయినవారికి దూరం చేయడం, డబ్బు చేతికి అందనివ్వకపోవడం, పిల్లలను అడ్డం పెట్టుకోవడం వంటివి ఇరుసును పట్టాతో కలిపే ఆకులు (చువ్వలు). జరిగినదాన్ని చిన్నది చేయడం, జరగనే లేదనడం, తప్పు ఆమె మీదికే నెట్టడం కలిసి ఒక ఆకు. మన సామెత చోటు సరిగ్గా అక్కడే అని నా అభిప్రాయం.

ఎవరైనా కాపురంలో ఊపిరాడటం లేదని చెప్పుకుంటే మనం ముందు అడిగేది ‘చెయ్యి చేసుకున్నాడా?’ అనే. (కొట్టడానికి ఇంత మెత్తని మాట మనకెలా అబ్బిందో వేరే చర్చ.) కొట్టలేదని చెబితే, సర్దుకుపొమ్మంటాం. ఫోను పాస్‌వర్డ్ చెప్పాల్సిందేనని పట్టుబట్టడం, ఎవరితో మాట్లాడినా సంజాయిషీ అడగడం, జీతం తీసుకుని పైగా ప్రతి ఖర్చుకూ లెక్క చెప్పించడం, నిన్న తిట్టిన తిట్టును ఈరోజు ‘నేననలేదు, నువ్వే ఊహించుకున్నావు’ అని బుకాయించడం, వీటిలో ఏ ఒక్కటీ విడిగా పెద్ద నేరంగా కనిపించదు. అవే రోజూ సాగి, నోరు తెరిచే ముందు ఎదుటివారి ముఖం చూసి మాట మింగే స్థితికి మనిషిని తెస్తే అది హింసే. భయపడే మనిషి స్త్రీ అయినా పురుషుడైనా అంతే. మామూలు గొడవలో ఇద్దరూ గొంతు పెంచగలరు, ఇక్కడ ఒకరికే ఆ వీలు ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 నాటి చట్టం ఇటువంటి నియంత్రణ తీవ్రంగా ఉన్నప్పుడు, ఒక్క దెబ్బ పడకపోయినా, నేరంగా పరిగణిస్తుంది.

సంకలనాల్లోంచి ఈ సామెతను తొలగించాలన్న సూచనను మాత్రం నేను సమర్థించను. అర్థవివరణలో ‘భర్త కొట్టడాన్ని ఇది మామూలు విషయంగా తీసుకుంటుంది’ అన్న ఒక్క వాక్యాన్ని చేరిస్తే సరిపోతుంది.