రేగడిలో పొరల వయసు తలకిందులైతే ఏ నమూనా పంపాలి?

కర్నూలు వైపు నవీన శిలాయుగపు దిబ్బలో తవ్వకం. నాలుగో పొర బొగ్గుకు వచ్చిన కార్బన్-14 వయసు, దానిపైనున్న మూడో పొరకన్నా తక్కువ. ఎండలకు రేగడి నెర్రెలిచ్చి పైబొగ్గు కిందికి జారిందని అనుమానం. గుంత గోడలో వేలెడు వెడల్పు నెర్రె, అందులో వదులు మన్ను కనిపిస్తూనే ఉంది. ఎలుక బొరియ మాత్రం కాదు. మూడో పొర బొగ్గు ముదురు చేవకర్రదైనా (కాల్చేనాటికే ఆ కర్ర పాతది, కాబట్టి వయసు ఎక్కువ చూపుతుంది) ఇదే తిరకాసు వస్తుందనుకోండి.

అందుకే మళ్లీ బొగ్గు పంపడం దండగనిపిస్తోంది. మన్ను నీళ్లలో తేల్చి మాడిన ఉలవలు ఏరితే, ఒక్క ఏటి పంట కాబట్టి పాతకర్ర బెడద ఉండదు. కానీ గింజ చిన్నది, నెర్రెలో ఇంకా సులువుగా జారదా?

ఓఎస్ఎల్‌ (మట్టి రేణువులు చివరిసారి వెలుతురు చూసి ఎన్నాళ్లయిందో, అవి చుట్టూ మట్టి నుంచి పీల్చుకున్న రేడియేషన్‌ను బట్టి లెక్కగట్టే పద్ధతి) అయితే వెలుతురు తగలకుండా గొట్టం దిగ్గొట్టాలి, చుట్టూ 30 సెంటీమీటర్ల దాకా ఒకే మట్టి ఉంటే మేలు. ఈ పొర మందం 18 మాత్రమే. పై, కింది పొరల మట్టిని విడిగా తీసి రేడియేషన్ మోతాదు లెక్కగడితే సరిపోతుందా? చేసినవాళ్లు చెప్పగలరు.