కమోడోర్ 64 సిడ్ చిప్‌లో ఉరుము వాద్యపు రాపిడి శబ్దం, దాంతోపాటు అదిరిపోతున్న రంగు పట్టీలు: సలహా కావాలి

పెన్నాతీరం (తాడిపత్రి, అనంతపురం జిల్లా):

సభ్యులందరికీ నమస్కారం. నేను పగలు ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక రెండు గంటలు కమోడోర్ 64 అనే 1980ల నాటి ఇంటి కంప్యూటర్ మీద డెమో రాయడానికి కూర్చుంటాను. అసలు యంత్రం నా దగ్గర లేదు. పాత ల్యాప్‌టాప్‌లో ఆ యంత్రంలా నడిచే వైస్ ఎమ్యులేటర్ పెట్టుకొని రెండేళ్లుగా దాని ప్రాసెసర్ భాష, 6510 అసెంబ్లీ, నేర్చుకుంటున్నాను.

డెమో అన్న మాట కొత్తగా వినేవారి కోసం కొంచెం చెబుతాను. 1980లలో యూరప్‌లో ఆటల కాపీ రక్షణను ఛేదించిన కుర్రవాళ్లు, ఆట మొదలయ్యే ముందు తమ పేరు కదిలే అక్షరాలతో, పాటతో కనబడేలా ఒక చిన్న ప్రోగ్రామును అతికించేవారు. కాలక్రమంలో ఆట పక్కకు పోయి, ఆ చిన్న ప్రోగ్రామే సొంత కళగా నిలిచింది. 2020లో ఫిన్లండ్, 2021లో జర్మనీ, పోలండ్ ఈ డెమోసీన్‌ను తమ జాతీయ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాల్లో చేర్చుకున్నాయి. ఆ సంగతి చదివిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది మా అమ్మవాళ్ల ఊరి ఉరుములు, అంటే జాతరల్లో వాయించే రెండు ముఖాల చర్మవాద్యాలు.

జాతరకు ఉరుములవాళ్లు వచ్చినప్పుడు నేను వాళ్ల వెంటే తిరిగేవాణ్ణి. ఒక చేతిలోని పుల్ల ఒకవైపు చర్మాన్ని కొడుతుంటే, ఇంకో చేతిలోని వంకర పుల్లను రెండోవైపు చర్మానికి ఒత్తిపట్టి లాగేవారు. ఆ లాగుడుకు దూరాన మబ్బు ఉరిమినట్టు ఒక మూలుగు కింది నుంచి పైకి లేచేది. దెబ్బ చెవికి వినబడేది, మూలుగు మాత్రం పొట్టలో తిరిగేది. ఆ శబ్దాన్ని రికార్డు చేసి పెట్టకుండా, కమోడోర్‌లో శబ్దం పుట్టించే సిడ్ చిప్ చేతనే పలికించి ఒక డెమో చేయాలని నా కోరిక.

ఇక్కడ రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది శబ్దం. దెబ్బ బాగానే కుదిరింది: మొదటి ఫ్రేములో (తెర మీద బొమ్మ ఒకసారి గీసేంత కాలంలో) నాయిస్ తరంగం, అంటే చిప్‌కు ఆదేశాలు రాసే కంట్రోల్ రిజిస్టర్‌లో 129, ఆ తరువాత 17తో త్రిభుజ తరంగానికి మారి, పిచ్‌ను గబగబా దించుతున్నాను. రాపిడి మాత్రం రావడం లేదు. నాయిస్‌నే పొడుగ్గా సాగదీసి పిచ్ పెంచుకుంటూ పోతే రేకుల మీద వాన పడినట్టు ఉంటోందే తప్ప, మూలుగు లేదు.

రెండోది బొమ్మ. పిచ్ మెట్లు మెట్లుగా వినబడకూడదని, సంగీతపు రొటీన్‌ను ఫ్రేముకు రెండుసార్లు, అంటే సెకనుకు 100 సార్లు పిలుస్తున్నాను. ఈ ప్లేయర్ నేను సొంతంగా రాసుకున్నది. మొదటి పిలుపు 250వ రాస్టర్ గీత (తెర పై నుంచి కిందికి గీసే అడ్డగీతల్లో ఒకటి) దగ్గర, రెండోది 156 గీతల తరువాత, అంటే తరువాతి ఫ్రేములో 94వ గీత దగ్గర వస్తుంది. తెరకు అడ్డంగా గీసే నా రంగు పట్టీలు 80వ గీత నుంచి 140 వరకు ఉన్నాయి. రెండో పిలుపు మొదలుపెట్టిన క్షణం నుంచి అవి వణుకుతున్నాయి. ప్లేయర్‌కు ముందు 53280 చిరునామాలోని తెర అంచు రంగును ఒకటి పెంచి, పని ముగిశాక ఒకటి తగ్గించి కొలిస్తే, అంచులో కనబడిన రంగు ముక్క ఎత్తు 38 గీతలు వచ్చింది. ఏది తగ్గించుకోవాలి, సంగీతాన్నా, బొమ్మనా?

హంద్రీ (కర్నూలు):

పెన్నాతీరం గారూ, రెండింటిలో దేన్నీ తగ్గించుకోనవసరం లేదు. అంచు రంగుతో కొలవడం చాలా మంచి పని చేశారు. చాలామంది ఆ ఒక్క అడుగు వేయకుండా, నెలల తరబడి ఎక్కడ సమయం పోతోందో తెలియక ఊహల మీద కోడ్ మారుస్తుంటారు.

మీ దగ్గర ఉన్న సొత్తు ఎంతో ముందు లెక్క వేసుకుందాం. పాల్ (యూరప్ టీవీ పద్ధతి) యంత్రంలో ఒక ఫ్రేముకు 312 గీతలు, గీతకు ప్రాసెసర్ గడియారపు 63 సైకిళ్లు, మొత్తం 19,656. సెకనుకు 50 ఫ్రేములు. మన పాత టీవీలు కూడా పాల్ పద్ధతివే కనుక, ఆ 50 అనే లెక్క మనకు పరాయిది కాదు. మీ ప్లేయర్ 38 గీతలు తింటోందంటే సుమారు 2,400 సైకిళ్లు. రెండుసార్లు పిలిస్తే మొత్తం ఫ్రేములో నాలుగో వంతు సంగీతానికే పోతోంది. అయినా మీ పట్టీలు వణకడానికి అసలు కారణం ఆ మొత్తం కాదు, ఆ పిలుపు వచ్చే చోటు. ప్లేయర్ ఇంటరప్ట్ (చేస్తున్న పనిని ఆపించి వేరే పనికి పిలిచే సంకేతం) లోపల నడుస్తున్నంతసేపు తరువాతి రాస్టర్ ఇంటరప్ట్ గుమ్మం బయటే నిలబడి ఉంటుంది. పట్టీ రంగు మారవలసిన గీత దాటిపోయాక దానికి లోపలికి దారి దొరుకుతుంది. పైగా 94వ గీత తెర కనబడే భాగంలో ఉంది. అక్కడ ప్రతి ఎనిమిదో గీతలో వీడియో చిప్ అక్షరాల సమాచారం చదువుకోవడానికి ప్రాసెసర్‌ను ఆపి 40కి పైగా సైకిళ్లు తీసుకుంటుంది. అందువల్ల అదే ప్లేయర్ కింద అంచులో కన్నా అక్కడ ఎక్కువ గీతలు పడుతుంది, అది కూడా ఒక్కో ఫ్రేములో ఒక్కోలా.

కనుక మొదటి పిలుపును 250 నుంచి 4వ గీతకు మార్చండి. తెర కనబడే భాగం 51వ గీత దగ్గర మొదలవుతుంది, మీ 38 గీతలు 42 దగ్గరే అయిపోతాయి. అప్పుడు రెండో పిలుపు 160 దగ్గర పడుతుంది, మీ పట్టీలు 140 దగ్గరే ముగుస్తాయి. ఒక్క సంఖ్య మార్చడంతో రెండు పనుల దారులు వేరవుతాయి.

ఆ తరువాత రెండో పిలుపును తేలిక చేయండి. పాటలో తరువాతి స్వరం ఏది, ఏ వాయిద్యం, కాలపరిమాణం ఎంత అనే నిర్ణయాలన్నీ మొదటి పిలుపులోనే జరగనివ్వండి. రెండోదాంట్లో జారుతున్న వాయిస్ (చిప్‌లోని మూడు శబ్ద మార్గాల్లో ఒకటి) ఫ్రీక్వెన్సీని ఒక మెట్టు కదిపి రాయడం, ఫిల్టర్‌ను కదపడం, అంతే ఉండాలి. సిడ్ రిజిస్టర్లలో చాలావరకు రాయడానికే తప్ప చదవడానికి వీలుకావు. కనుక ఫ్రీక్వెన్సీ నకలు ఒకటి మామూలు మెమరీలో ఉంచుకొని, కూడిక అక్కడ చేసి, ఫలితాన్ని చిప్‌కు పంపాలి. ఇలా రాస్తే నాలుగైదు గీతలకు మించదు.

ఇంత చేశాక కూడా పట్టీ అంచు కొద్దిగా ఊగితే కంగారు పడకండి, దాని కారణం వేరు. ప్రాసెసర్ చేతిలోని ఆదేశం పూర్తయ్యాకే ఇంటరప్ట్‌ను పట్టించుకుంటుంది కాబట్టి కొన్ని సైకిళ్ల తేడా వస్తుంది, ఒక్కో సైకిల్ తెరమీద 8 పిక్సెళ్లు. దానికి రెండు ఇంటరప్టులను గొలుసుగా పెట్టి స్థిరపరిచే పద్ధతి ఉంది, అవసరమైతే నా కోడ్ పంపుతాను.

పాలకొండలు (కడప):

నేను ఇంటర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను, ఇంట్లో మృదంగం సాధన చేస్తాను. కోడ్ సంగతి హంద్రీ గారు చెప్పారు కనుక నేను శబ్దం గురించే రాస్తాను.

ఉరుము రాపిడిలో జరిగేది వాన చప్పుడు లాంటి చెల్లాచెదురు శబ్దం కాదు. ఒత్తిపట్టిన పుల్ల చర్మాన్ని కొంత దూరం తనతో లాక్కుపోతుంది, పట్టు తప్పగానే చర్మం ఒక్కసారిగా వెనక్కి జారుతుంది, మళ్లీ పుల్లకు అతుక్కుంటుంది. వయొలిన్ కమాను కింద తంతి చేసేది కూడా ఇదే. నిదానంగా ఎక్కి చటుక్కున పడిపోయే ఈ కదలికను గీస్తే రంపపు పళ్ల ఆకారం వస్తుంది. సిడ్‌లో ఆ ఆకారపు తరంగం సిద్ధంగా ఉంది కదా. కనుక నాయిస్‌ను మొదటి ఒకటి రెండు ఫ్రేములకు, పుల్ల చర్మానికి తగిలే గరుకుదనం కోసం మాత్రమే వాడి, తరువాత కంట్రోల్ రిజిస్టర్‌లో 33 రాసి రంపపు తరంగానికి మారండి. రాపిడి కోసం మూడో వాయిస్‌ను పూర్తిగా కేటాయించండి, దెబ్బతో కలపకండి. వాయించేవారికి రెండు చేతులున్నట్టే డెమోలోని ఉరుముకూ రెండు వాయిస్‌లు ఉండాలి.

పిచ్ జారుడులో ఇంకొక సూక్ష్మం ఉంది. పాల్ గడియారం 9,85,248 హెర్ట్జ్ కనుక, మనకు కావలసిన ఫ్రీక్వెన్సీని సుమారు 17.03తో గుణిస్తే రిజిస్టర్ విలువ వస్తుంది. మూలుగు 90 హెర్ట్జ్ దగ్గర మొదలవ్వాలనుకుంటే 1533 అవుతుంది. ఫ్రేముకు ఇన్ని అని ఒకే సంఖ్య కలుపుకుంటూ పోతే, మొదట్లో త్వరగా లేచి చివర్లో నీరసించినట్టు చెవికి తోస్తుంది, ఎందుకంటే మన చెవి తేడాలను కాక నిష్పత్తులను పట్టుకుంటుంది. అందుకు బదులు, ఉన్న విలువలో 32వ వంతును దానికే కలపండి. అసెంబ్లీలో అది ఐదుసార్లు కుడికి జరపడమే, గుణకారం అక్కర్లేదు. 14 ఫ్రేములలో 90 నుంచి 138 హెర్ట్జ్ దగ్గరకు ఒకే తీరుగా లేస్తుంది. ఫిల్టర్ చిప్ మొత్తానికి ఒకటే అయినా, ఏ వాయిస్ దాని గుండా పోవాలో 54295లో ఎంచుకోవచ్చు. మూడో వాయిస్‌ను మాత్రమే దానికి తగిలించి, లో పాస్ (పై ధ్వనులను ఆపే తీరు) పెట్టి, పిచ్‌తో పాటు 54294లోని కటాఫ్‌ను (ఆ ఆపే హద్దును) కూడా మెల్లగా తెరవండి. నోరు మూసుకొని మూలిగి, క్రమంగా నోరు తెరిచినట్టు వస్తుంది.

గమకాలు పలికించాలనుకునే మిగతా సభ్యులు కూడా ఈ చిప్ ఎంత ఉదారమైనదో గమనించాలి. మధ్యస్థాయి షడ్జాన్ని 261.6 హెర్ట్జ్ దగ్గర పెడితే రిజిస్టర్ విలువ 4455, శుద్ధ రిషభం సుమారు 4720. ఆ రెండింటి నడుమ 265 మెట్లు ఉన్నాయి! నేను బడిలో ఉన్నప్పుడు, బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మా బడికి బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. దాని బేసిక్‌లో స్థాయికి 48 మెట్లే, అంటే అర్ధస్వరానికి నాలుగు. ఎన్వలప్ అనే ఆదేశానికి 14 సంఖ్యలు ఇచ్చి, ఎలాగైనా ఒక కంపితం (స్వరాన్ని ఊపే గమకం) పలికించాలని సాయంత్రాలు కూర్చునేవాణ్ణి. అది వణుకు దగ్గరే ఆగిపోయేది. ఈ 265 మెట్లు అప్పుడు దొరికి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

లయ గురించి కూడా ఒక మాట. ట్రాకర్ (స్వరాలను వరుసలుగా రాసుకునే సంగీత ప్రోగ్రాము) అలవాటు ప్రకారం వరుసకు 6 ఫ్రేములు, దెబ్బకు 4 వరుసలు పెట్టుకుంటారు. అంటే దెబ్బకు 24 ఫ్రేములు, నిమిషానికి 125 దెబ్బలు. ఈ 24ను కదపకుండా గతి మార్చవచ్చు. తిశ్రగతికి 8 ఫ్రేముల వరుసలు మూడు. ఖండగతికి 24 ఐదుతో భాగింపబడదు కనుక 5, 5, 5, 5, 4 అని పంచుకోండి. ఆఖరి వరుసలో తగ్గేది సెకనులో యాభయ్యో వంతు, దాన్ని చెవి క్షమిస్తుంది. తాళం మాత్రం చెదరకూడదు.

హంద్రీ (కర్నూలు):

పాలకొండలు గారు చెప్పిన విలువలతో ఒక చిన్న ప్రోగ్రాము రాసి, జర్మనీ నుంచి మా బావ తెచ్చిన అసలు యంత్రం మీద ఇప్పుడే విన్నాను. అందులో ఉన్నది పాత 6581 చిప్. రంపపు తరంగం మాట అక్షరాలా నిజం, నాయిస్‌తో ఈ పని ఎప్పటికీ అయ్యేది కాదు. ఫిల్టర్ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. 6581లో ఫిల్టర్ ఒక చిప్‌కూ ఇంకో చిప్‌కూ తేడాగా ఉంటుంది, తరువాత వచ్చిన 8580లో నిలకడ ఎక్కువ. ఎమ్యులేటర్‌లో విచ్చుకున్నట్టు వినబడే కటాఫ్ నా యంత్రంలో ఇంకా మూసుకునే ఉంది. వైస్‌లో రెండు చిప్‌లనూ మార్చి మార్చి వినండి, డెమో చివర కదిలే అక్షరాల్లో ఏ చిప్ కోసం చేశారో తప్పకుండా రాయండి. చూసేవారు ఆ మాట కోసం వెతుకుతారు.

పెన్నాతీరం (తాడిపత్రి, అనంతపురం జిల్లా):

ఇద్దరికీ మనఃపూర్వకంగా ధన్యవాదాలు. మూడు రాత్రులు కూర్చొని అన్నీ మార్చాను.

మొదటి పిలుపు 4వ గీతకు, రెండోది 160కి పోయాయి. రెండో పిలుపులో జారుడు, ఫిల్టర్ మాత్రమే ఉంచాను. అంచులో ఇప్పుడు ఒక పెద్ద ముక్క 38 గీతలు, ఇంకోటి 6 గీతలు కనబడుతున్నాయి. పట్టీలు నిలబడ్డాయి. ఒక అంచున ఇంకా సన్నగా ఊగుతున్నాయి కనుక, హంద్రీ గారూ, ఆ గొలుసు ఇంటరప్టుల కోడ్ దయచేసి పంపగలరు. సెకనుకు 100 సార్లు కదుపుతున్నాను కాబట్టి 32వ వంతుకు బదులు 64వ వంతు కలిపి, అడుగులను 28 చేశాను. మెట్లు అసలు వినబడడం లేదు.

నిన్న రాత్రి మొదటిసారి మూలుగు లేచింది. హెడ్‌ఫోన్ తీసేసి చిన్న స్పీకర్‌లో పెట్టి, గది అవతలకు వెళ్లి నిలబడి విన్నాను. రాపిడి సరిగానే ఉంది. అయితే దెబ్బ పడిన వెంటనే రాపిడి మొదలైతే రెండూ అంటుకుపోయి వినబడుతున్నాయి. మధ్యలో 3 ఫ్రేములు వదిలితే విడివిడిగా ఉన్నాయి, 5 వదిలితే మరీ ఎడంగా ఉన్నాయి. నా చిన్నప్పటి జ్ఞాపకం మీద ఆ సంఖ్యను తేల్చడం నాకు ఇష్టం లేదు. మా అమ్మవాళ్ల ఊరిలో ఉరుము వాయించే పెద్దాయన ఇంకా ఉన్నారు. ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకొని వెళ్లి 3, 4, 5 ఫ్రేముల ఎడంతో మూడూ వినిపించి, ఆయన ఏది సరి అంటే దాన్ని పెడతాను. ఆయన చేయి ఎలా కదులుతుందో కూడా ఈసారి పక్కన కూర్చొని చూసి, వివరంగా ఇక్కడ రాస్తాను.