సైనస్ ఆపరేషన్: ఒకసారి చేయించుకుంటే తీరిపోతుందా?

తాడిపత్రి బండ: మాది బండల పాలిష్ పని. రెండేళ్లుగా ముక్కు దిబ్బడ, చెంపల్లో బరువు, గొంతులోకి చీము. మూడు నెలలు స్ప్రే కొట్టా, ఉప్పునీళ్లతో కడిగా. సీటీ స్కాన్ చూసి డాక్టరు ఫెస్ అనే సైనస్ ఆపరేషన్ చేద్దామంటున్నారు. చేయించుకున్నోళ్లు చెప్పండన్నా.

నల్లరేగడి: వద్దప్పా. నేను చేయించుకున్నా. ఏడాదిన్నరకే కండ మళ్లీ పెరిగింది. బూడిదలో పోసిన పన్నీరు.

ముక్కుసూటి: మీవి పాలిప్స్ అన్నమాట. అవి మళ్లీ రావడం వింతేమీ కాదు. ఫెస్‌లో చేసేది మూసుకున్న దారులు తెరవడం. చెంప సైనస్‌కు, అంటే చెంప ఎముకలోని గాలి గదికి, రంధ్రం పైభాగంలో ఉంటుంది. చీము తనంతట కారిపోదు, లోపలి సన్నని నూగు దాన్ని పైకి నెట్టాలి. దారి తెరిస్తే అది బయటికొస్తుంది, మందు లోపలికి పోతుంది. వాపు వచ్చే గుణం మాత్రం కత్తితో పోదు. అందుకే తర్వాత కూడా కడుక్కోవాలి. మీరు కడిగారా?

నల్లరేగడి: పది రోజులు కడిగా. ఆ బాధ తప్పుతుందనే కదా చేయించుకునేది?

కొండారెడ్డి బురుజు: మా నాయనకు పై పెదవి కింద కోసి చేశారు. చెంప ఇప్పటికీ తిమ్మిరే. ఇదీ అంతేనా?

ముక్కుసూటి: అది పాత పద్ధతి. ఫెస్ గొట్టం కెమెరాతో ముక్కులోంచే. నల్లరేగడి గారూ, ఏ నీళ్లతో కడిగారు?

నల్లరేగడి: బోరు నీళ్లు.

ముక్కుసూటి: కాచి చల్లార్చినవే వాడాలి! అరుదే గానీ, ముక్కులోంచి అమీబా మెదడుకు పోతే ప్రాణానికే ముప్పు.

నల్లరేగడి: ఆ నీళ్లు తాగే పెరిగినాం.

ముక్కుసూటి: తాగడం వేరు, ముక్కులోకి వేరు. తప్పు మీది, నింద ఆపరేషన్‌కు.

నల్లరేగడి: తప్పు నాదా? కాడెద్దులు అమ్మి డబ్బు కట్టినా. సంతకం పెట్టించుకున్నోళ్లు ఏళ్ల తరబడి కడుక్కోవాలని ఒక్క మాట చెప్పలేదు. చెప్పింటే అమ్మేవాణ్ణా? ఈయనకు మీరూ అదే చెప్తున్నారు. చేయించుకో, మళ్లీ దుమ్ములోకే పో!

అనంతపురం చింతచెట్టు: ఈ చర్చ లాక్ చేయండి సామీ.

ముక్కుసూటి: చెప్పకపోవడం వాళ్ల తప్పే, ఒప్పుకుంటా. అయినా దుమ్ములో పనిచేసేవాడు చీముతోనే బతకాలా? మాస్కు పెట్టుకుంటే...

తాడిపత్రి బండ: గ్రైండరు పట్టి అంచులు తీసేటప్పుడు మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదన్నా. సోమవారం స్కాన్ పట్టుకొని కర్నూలు పోతున్నా, ఇంకో డాక్టరు దగ్గరికి. కడగడం ఎన్నేళ్లని ముందు అడుగుతా. షెడ్డులో టీ పొయ్యి ఉంది, నీళ్లు కాచుకోవచ్చు.