పాత మాంగనీసు గని భూమిలో ఇళ్లు: పని దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న (చీపురుపల్లి వాసి):
మేము పన్నెండు కుటుంబాల వారం కలిసి గరివిడి దగ్గర తొమ్మిది ఎకరాలు కొన్నాము. అందులో సగం ఒకప్పుడు మాంగనీసు తవ్వి పోసిన మట్టి దిబ్బలే. మధ్యనున్న గోతిలో ఏడాది పొడవునా నీళ్లుంటాయి. ఇళ్లను దగ్గర దగ్గరగా కట్టుకొని, మిగతా నేలను చెట్లతో బాగుచేసుకోవాలని మా ఆలోచన. లేఅవుట్ గీసినవారు మాత్రం దిబ్బలను చదును చేసి గోతిని పూడ్చమంటున్నారు. అలా చేయవచ్చునా?

జవాబు 1 (విశ్రాంత సివిల్ ఇంజనీరు, విజయనగరం):
పూడ్చిన గోతిపై ఇల్లు మాత్రం కట్టకండి. మన జిల్లాలో మాంగనీసు తవ్వకం 1892లోనే మొదలైంది కనుక, ఎప్పుడు ఎక్కడ తవ్వి ఎక్కడ పోశారో పైనుంచి చూసి చెప్పలేము. ఇక్కడి ఖనిజం దొరికే రాయికి మన కోడూరు పేరు మీదనే కోడురైట్ అని పేరు వచ్చింది. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం శిథిలమై బంకమట్టిగా మారుతుంది. ఆ మట్టీ రాళ్లూ కలగలిసిన దిబ్బ ఒకచోట గట్టిగా, పక్కనే మెత్తగా ఉంటుంది కాబట్టి దానిపై వేసిన పునాది ఒక మూల దిగి, గోడ చీలుతుంది. ముందు పరీక్ష గుంతలు తీయించి, తవ్వని అసలు నేల ఎక్కడున్నదో పటంలో గుర్తించండి. ఇళ్లన్నీ అక్కడే రావాలి, రోడ్డు వంకర తిరిగినా సరే. గోడలకు వాస్తుశిల్పి లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ కట్టుబడి (ఇటుకలను అంచు మీద నిలబెట్టి, గోడ లోపల ఖాళీలు వదిలే పద్ధతి) వాడితే ఇటుక సుమారు పాతిక శాతం మిగులుతుంది. అయితే 2014 నాటి హుద్‌హుద్ తుఫానును చూసినవాళ్లం గనుక మూలల్లో ఇనుప కడ్డీలు, చుట్టూ కాంక్రీటు పట్టీ తప్పనిసరి.

జవాబు 2 (రైతు, బొబ్బిలి):
మొదటి ఏడే చెట్లు నాటితే సగం ఎండిపోతాయండీ. దిబ్బ వాలుకు అడ్డంగా గట్లు వేసి, చెరువు మట్టి తోలించి, తొలకరికి జనుము, పిల్లిపెసర చల్లి పూత దశలో కలియదున్నండి. తరువాత కానుగ, సీతాఫలం, జీడి తట్టుకుంటాయి. పుదుచ్చేరి పక్కన 1968లో మొదలైన ఆరోవిల్‌లోనూ కోతపడిన ఎర్రనేలకు ముందు గట్లు వేసి, వాననీటిని ఆపిన తరువాతే అడవి పెంచారు. వాన నీరు ఏ గెడ్డలోకి పోతున్నదో ఒక వర్షాకాలమంతా గమనించకుండా గీసిన లేఅవుట్‌కు నేనైతే విలువ ఇవ్వను.

జవాబు 3 (నీటి పరీక్షల ల్యాబులో పనిచేసేవారు, శ్రీకాకుళం):
గోతి నీరు తేటగా ఉందని తాగకండి. తాగునీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటరాదు. వేరే ఆధారం లేనప్పుడు 0.3 వరకు అనుమతిస్తారు. వేసవిలోనూ వానల తరువాతా రెండుసార్లు పరీక్షించండి, ఎందుకంటే అడుగున గాలి అందని నీటిలో మాంగనీసు ఎక్కువగా కరుగుతుంది. ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల వాన పడే చోట వంద చదరపు మీటర్ల కప్పు మీద పడిన నీటిలో ఎనభై శాతం పట్టినా 88,000 లీటర్లు వస్తాయి; ఐదుగురున్న ఇంటి తాగునీటికీ వంటకూ అది ధారాళం. గోతిని గట్టు వాలు తగ్గించి, చుట్టూ కంచె కట్టి, తోటల అవసరానికి ఉంచుకోవచ్చు.

చీపురుపల్లి వాసి:
ధన్యవాదాలు. లేఅవుట్ ఆపించాము, పరీక్ష గుంతలకు జేసీబీ మాట్లాడాము. అసలు నేల మూడెకరాలకు మించి తేలకపోతే పన్నెండు విడివిడి ఇళ్లకు బదులు రెండంతస్తుల వరుస ఇళ్లు కట్టవచ్చునా అన్నది ఇంజనీరు గారు చెప్పాలి.