సమస్యాపూరణం: పులుపు చేదు కలిసి పుట్టె నుప్పు

నిర్వాహకుడు, కడప: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం: "పులుపు చేదు కలిసి పుట్టె నుప్పు". చింతపండు పులుసులో కాకరకాయ వేస్తే ఉప్పు పుడుతుందా అని వంటింట్లో అడుగుతారు. ప్రయోగశాలలో మాత్రం ఇది నిజం. ఆమ్లం పులుపు, క్షారం చేదు. కలిస్తే లవణం, నీరు. రసాయన శాస్త్రం బోధించినవాణ్ణి కనుక యతితో పాటు చర్యనూ సరిచూస్తాను.

కర్నూలు సభ్యుడు:

బొట్టు బొట్టు జారి బ్యూరెట్టులో క్షార
మామ్లమున్న కుప్పె యందు జేరె
లేత రంగు నిలువ లెక్కలు సరిపోయె
పులుపు చేదు కలిసి పుట్టె నుప్పు

మాస్టారూ, మూడో పాదంలో మొదట "లేత గులాబి" అనుకున్నాను. "గులాబి" మధ్యలో గురువున్న జగణమై, అక్కడ రావలసిన సూర్యగణంలో (హగణం లేదా నగణం) ఇమడలేదు.

నిర్వాహకుడు: "జారి"లో "రి" సంయుక్తాక్షరమైన బ్యూకు ముందున్నా, అది వేరే పదం కనుక లఘువే, దోషం లేదు. నాకు బాగా నచ్చిన మాట "నిలువ". బొట్టు పడినచోట, క్షారం తగిలితే గులాబి రంగు చూపే సూచిక ఫినాఫ్తలీన్ ముందే గులాబి మెరుపు చూపుతుంది, కుప్పె తిప్పగానే పోతుంది. అర నిమిషం నిలిస్తేనే రీడింగు రాసుకోవాలి. రంగు ముదిరితే క్షారం ఎక్కువ పడినట్టే. అందుకే గులాబిని వదిలి "లేత"ను దక్కించుకోవడం మంచి పని. "లెక్కలు సరిపోయె" కూడా కచ్చితమైన మాట, అంటే ఆమ్లానికి సరిపడా క్షారం పడిందని. "తటస్థమాయె" అని రాసి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. కుప్పెలో వెనిగర్ ఉంటే, లెక్క సరిపోయిన చోట పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తటస్థమైన 7 దాటి ఉంటుంది. పుట్టిన లవణంలోని ఎసిటేట్ నీటితో చర్య జరిపి కొంత క్షారగుణం తెస్తుంది. అక్కడ మిథైల్ ఆరెంజ్ అనే మరో సూచిక వాడితే పీహెచ్ 4.4 దగ్గరికే రంగు మారిపోయి లెక్క తప్పుతుంది.

అనంతపురం సభ్యురాలు:

చవుడు నేలలోన జల్లగా జిప్సము
చేదు విరిగి మన్ను సేద దీరె
రైతు కంట మెరిసె రతనాల సీమయే
పులుపు చేదు కలిసి పుట్టె నుప్పు

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది, చే–సే యతి చక్కగా కుదిరింది. కానీ పులుపు ఎక్కడుందమ్మా? జిప్సం కాల్షియం సల్ఫేట్, ఆమ్లం కాదు. మట్టిని పట్టుకున్న సోడియంను అందులోని కాల్షియం నెట్టేస్తుంది. అప్పుడు పుట్టే సోడియం సల్ఫేట్ ఉప్పే, అయితే నీటితో దిగిపోనిదే చేనికి మేలు లేదు. మీ మూడో పాదంలో నీరు కట్టకముందే సీమ మెరిసింది.

అనంతపురం సభ్యురాలు: నిజమే మాస్టారూ. జిప్సం తీసి గంధకం వేశాను.

చవుడు నేలలోన జల్లిన గంధక
మామ్లమగుచు జౌడు నణచివేయ
నీరు గట్ట గరిగి నేలను విడిచెడి
పులుపు చేదు కలిసి పుట్టె నుప్పు

నిర్వాహకుడు: ఇప్పుడు పులుపు వచ్చింది, ఉప్పు పోయే దారీ వచ్చింది. "విడిచెడి"కి "ఉప్పు"తో అన్వయం కొంత దూరమైనా పద్యంలో చెల్లుతుంది. గంధకాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చేవి నేలలోని సూక్ష్మజీవులు, వాటికి వారాలు, నెలలు పడుతుంది. "అయి" అనకుండా "అగుచు" అన్నారు చూడండి, ఆ నెమ్మది అందులో ఉంది.