అప్‌డేట్: పెర్ల్ వైట్ మచ్చలు పోయాయి

పోయిన వారం అడిగాను కదా, 1:24 స్కేలు మోడల్ కారు (అసలు కారులో 24వ వంతు సైజు బొమ్మ) బాడీ మీద పెర్ల్ వైట్ స్ప్రే కొడితే ఒకచోట తెల్లగా, ఒకచోట బూడిదగా వస్తోందని. తప్పు నాదే. గ్రే ప్రైమర్ మీదే నేరుగా కొట్టేశాను. పెర్ల్‌లో మెరిసేది మైకా పొడి, అడుగున ఉన్న రంగు పైకి కనిపిస్తుంది. కింద మామూలు తెలుపు ఉండాలన్న మీ మాటే నిజం. వాటర్ పేపర్‌తో రుద్ది, తెలుపు వేసి, పైన పల్చగా నాలుగు కోటింగ్‌లు కొట్టాను.

క్లియర్ కోటుకే (రంగు మీద ఆఖరున వేసే పారదర్శక పూత) టెన్షన్ పడ్డాను. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద సాయంత్రమైతే సముద్రపు చెమ్మ, ఆ చెమ్మకి క్లియర్ పాలిపోయి మసకబారుతుంది. అందుకే ఎండ ఎక్కాక, 11 గంటలకి కొట్టాను. బానెట్ వంపు దగ్గర అచ్చం ముత్యంలా మెరుస్తోంది. వెనక బంపర్‌కి మాత్రం ఒక దోమ అంటుకుపోయింది. ఇక దాన్ని కదపదలుచుకోలేదు.